ఆయుధము పట్టిన చేతులతో ఆనకట్ట



క్రిందటి నెలలో ఉప్మాకలో ఒక ఇంటి ప్రార్థనకు వెళ్ళాము. నక్కపల్లి దగ్గర జాతీయ రహదారి విడిచి లోపలికి వెళితే, కొండమీది వేంకటేశ్వరుని గుడితో పేరుపొందిన గ్రామమిది. వానల మీద ఆశ పెట్టుకొని బ్రతికే పల్లె. ప్రార్థన ముగిసి, టీ గ్లాసులు చేతికి వచ్చిన తరువాత, ఆ ఇంటి తల్లి వంటగది గుమ్మము దగ్గర నిలబడి ఒక ప్రశ్న అడిగింది.

"అయ్యగారూ, మావాడు అగ్నివీరుగా ఎంపికయ్యాడండి. ఇంకో రెండు నెలల్లో ట్రైనింగుకి పంపాలట. ఊళ్ళో అందరూ సంతోషపడుతున్నారు గాని నాకు మాత్రం నిద్ర పట్టట్లేదు. నరహత్య చేయకూడదని వాడికి చిన్నప్పుడు నేర్పింది నేనే. ఇప్పుడు తుపాకీ పట్టుకోమని నేనే పంపాలా?"

తండ్రి, "నాలుగేళ్ళ ఉద్యోగానికి ఇంత ఆలోచన ఎందుకే" అని తేలికగా తీసివేయబోయాడు. పిల్లవాడు మాత్రము తల వంచుకొని గ్లాసులోకి చూస్తూ ఉన్నాడు. వాని మనస్సులో కూడ అదే ప్రశ్న ఉన్నదని మాకు అర్థమయింది. అప్పటికప్పుడు ఏదో ఒక మాట చెప్పి తప్పించుకొనవచ్చును. కాని తల్లి కన్నీటితో అడిగినదానికి తొందరపాటు జవాబు చెప్పకూడదనిపించింది. "అమ్మా, పిల్లవాడు బయలుదేరక ముందే మన పత్రికలో వ్రాస్తాము, మీరందరు కలిసి చదువుకోండి" అని చెప్పి వచ్చాము. ఈ నెల శీర్షిక ఆ తల్లికి మేము బాకీపడిన జవాబు. ఇది ఆమె ఒక్కతె ప్రశ్న కూడ కాదు. శ్రీకాకుళము మొదలు మన అనకాపల్లి వరకు సైన్యములో బిడ్డలున్న కుటుంబాలు ఎన్నో ఉన్నవి.

మొదట పరిశుద్ధ గ్రంథము వైపు చూద్దాము. లూకా సువార్త మూడవ అధ్యాయములో బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరకు సుంకరులు వచ్చారు, సైనికులు కూడ వచ్చారు. మేమేమి చేయవలెనని అడిగారు. ఉద్యోగము మానివేయండని యోహాను వారితో చెప్పలేదు. ఎవరిని బాధపెట్టి దోచుకొనవద్దని, ఎవరిమీద అపనింద వేయవద్దని, మీ జీతముతో తృప్తిపడండని చెప్పాడు. అపొస్తలుల కార్యములలో కొర్నేలీ శతాధిపతియే. అతని ప్రార్థనలు, ధర్మకార్యములు దేవుని సన్నిధికి చేరిన నాటికి కూడ అతడు రోమా సైన్యములోనే ఉన్నాడు. కాబట్టి యూనిఫారము వేసికొన్నంత మాత్రాన ఒకడు దేవునికి దూరమైపోడు. అయితే యూనిఫారము ఒకనిని మంచివానిగా కూడ చేయదు. ఆ బట్టల లోపల ఉన్న హృదయము దేనికి కట్టుబడి ఉన్నది, చేతులు ఏ పని చేసినవి అన్నదే ప్రశ్న.

దీనికి చరిత్రలో కనబడే ఉదాహరణ ఒకటి చెప్తాము. అమెరికా దేశములో వెస్ట్ పాయింట్ అనే సైనిక పాఠశాల ఉన్నది. 1852 నుండి 1855 వరకు దానికి పెద్దగా ఉన్న అధికారి పేరు రాబర్ట్ లీ. ఆయన ఇంజినీరు. 1837లో మిసిసిపీ నది ప్రవాహమును మళ్ళించి సెయింట్ లూయిస్ రేవు ఇసుకతో పూడిపోకుండ కాపాడే పనికి పోయి, దానిని చక్కగా చేసి చూపించిన మనిషి. ఆయన ఆ పాఠశాలకు పెద్దగా ఉన్న కాలములోనే, 1854లో, అక్కడ చదువు ముగించుకొన్న విద్యార్థి పేరు ఆలివర్ హోవార్డ్. ఇద్దరు దేవాలయమునకు వెళ్ళేవారే, ఇద్దరు ప్రార్థన చేసేవారే.

1861లో బానిసత్వమును గూర్చి ఆ దేశము రెండుగా చీలినప్పుడు, లీ తన ఉద్యోగమునకు రాజీనామా ఇచ్చి, బానిసలను ఉంచుకొన్న దక్షిణ రాష్ట్రముల పక్షమున సేనాపతి అయ్యాడు. హోవార్డ్ మరియొక పక్షమున నిలిచాడు. 1862లో యుద్ధములో ఆయన కుడిచేయి పోయింది. 1863లో గెట్టిస్‌బర్గ్ యుద్ధములో పాఠశాల పెద్ద, పాఠశాల విద్యార్థి ఎదురెదురు సైన్యములలో ఉన్నారు. యుద్ధము ముగిసిన 1865లో, విడుదల పొందిన నల్లజాతివారి బాగోగులు చూచే ప్రభుత్వ శాఖకు హోవార్డ్ అధిపతి అయ్యాడు. వారి చదువు కొరకు 1867లో వాషింగ్టనులో పుట్టిన విశ్వవిద్యాలయము నేటికి ఆయన పేరుతోనే ఉన్నది. అయితే అదే హోవార్డ్ 1877లో, నెజ్ పెర్స్ అనే ఆదివాసి జాతివారిని వారి భూములలోనుండి తరిమే సైన్యమును కూడ నడిపించాడు. చూచారా? ఒకే పాఠశాల, ఒకే రకమైన ఆజ్ఞలు, ఒకే గ్రంథము. అయినను మనుష్యులు వేరయ్యారు. ఒకే మనిషిలో సహితము రెండు విధములైన పనులు కనబడుచున్నవి.

అంత దూరము పోనవసరము లేదు. తుని దాటి రైలులో కొద్ది గంటలు వెళితే ధవళేశ్వరము వస్తుంది. అక్కడ గోదావరికి అడ్డముగా ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ దొర ఉద్యోగరీత్యా ఎవరు? సైన్యాధికారి. మనలో చాలామందికి ఆయన ఇంజినీరని మాత్రమే తెలుసు. ఆయన జీతము తీసికొన్నది మద్రాసు సైన్యములోని ఇంజినీర్ల దళములో.

1803వ సంవత్సరము మే 15వ తేదీన ఇంగ్లాండులో ఆయన పుట్టారు. ఆ తల్లికి పదకొండుమంది మగబిడ్డలు, వారిలో ఈయన పదవవాడు. పదిహేను ఏండ్ల వయస్సులో ఈస్టిండియా కంపెనీవారి సైనిక పాఠశాలలో చేరి, 1821లో, అంటే పదునెనిమిది ఏండ్లకు, ఓడ దిగి మద్రాసుకు వచ్చారు. ఇంచుమించు మన ఉప్మాక పిల్లవాని వయస్సే. ఆ రోజులలో ఇంగ్లాండునుండి ఇండియాకు ఓడ ప్రయాణము నెలల తరబడి సాగేది. పంపిన తల్లికి బిడ్డ క్షేమముగా చేరాడన్న ఉత్తరము అందేసరికి ఎంత కాలము పట్టేదో ఆలోచించండి.

ఆయన యుద్ధము చూడనివారు కారు. 1824లో మొదలైన మొదటి బర్మా యుద్ధములో పనిచేశారు. తిరిగి వచ్చిన తరువాత కావేరి నది పనులు ఆయనకు అప్పగించారు. అక్కడ ఆయన గురువు ఎవరో తెలుసా? ఎన్నో శతాబ్దముల క్రిందట చోళరాజులు కట్టించిన కల్లణై అనే పాత ఆనకట్ట. లోతు తెలియని ఇసుకలో రాతికట్టడమును ఏలాగు నిలబెట్టవలెనో ఆ పూర్వపు తమిళ పనివారినుండి నేర్చుకొన్నామని ఆయన బాహాటముగా ఒప్పుకొన్నారు. పాలించే జాతికి చెందిన అధికారి, పాలింపబడే ప్రజల పూర్వులకు శిష్యుడనని చెప్పుకొనుట ఆ రోజులలో చిన్న మాట కాదు. ఆ విద్యతోనే 1836లో కావేరి పాయయైన కొల్లిడము మీద ఆనకట్టలు కట్టించే పని ప్రారంభించారు. అదే కాలములో మద్రాసు దగ్గర రెడ్ హిల్స్ నుండి రోడ్లకు రాయి తెచ్చుటకు పట్టాల మార్గము వేయించారు. మన దేశములో మొట్టమొదటి రైలు మార్గముగా దానిని చెప్పుకొంటారు.

ఆరోగ్యము చెడి కొంతకాలము దూరదేశములో ఉండి తిరిగి వచ్చిన తరువాత, ఆయనను మన విశాఖపట్టణమునకు పంపించారు. అక్కడ సముద్రము తీరమును కోసివేయకుండ రాళ్ళ అడ్డుకట్టలు వేయించారు, ఒక దేవాలయము కూడ కట్టించారు. అటు తరువాతనే ఆయన దృష్టి గోదావరి మీద పడింది.

అప్పటి గోదావరి మండలము నేడు మనము చూచే పచ్చని సీమ కాదు. 1832-33 నందన సంవత్సరపు కరువు మన పెద్దల నోట డొక్కల కరువుగా మిగిలిపోయింది. గుంటూరు సీమలో అయిదు లక్షల జనములో రెండు లక్షలవరకు పోయారని ఒక అంచనా. 1839లో కోరంగి దగ్గర తుపాను ఉప్పెనై వచ్చింది. 1821లో ఏడు లక్షలకు పైగా ఉన్న రాజమండ్రి జిల్లా జనాభా, 1841 నాటికి ఆరు లక్షల లోపునకు పడిపోయింది. ఒడ్డున మనుష్యులు ఆకలితో చనిపోవుచుండగా, ప్రక్కనే నిండు గోదావరి సముద్రములోనికి పోవుచున్నది. ఈ రెంటిని కలిపి చూచిన సైనికుడు కాటన్.

1844లోను, 1845లోను ఆయన ప్రభుత్వమునకు నివేదికలు వ్రాశారు. క్రింది ఉద్యోగి పై అధికారులకు వ్రాసే కాగితములు సాధారణముగా మెత్తగా ఉంటవి. కాటన్ వ్రాతలు అట్టివి కావు. ఇంగ్లీషువారు యుద్ధము చేయుటలో ఎంతో నేర్పరులే గాని, ఈ దేశపు గొప్పవారు కట్టిన పనులను చెడిపోకుండ చూచుకొనుట సహితము చేతకాని నాగరిక అడవి మనుష్యులని దేశస్థులు తమను గూర్చి అనుకొనుచున్నారని ఆయన వ్రాశారు. తన పై వారిని సిగ్గుపరచే మాట అది. అయినను ఆయన ఉద్యోగము వదలి పోలేదు, ఆజ్ఞ మీరలేదు, నోరును మూసికొనలేదు. మూడింటిని కలిపి చేయుట ఎంత కష్టమో ఆఫీసులలో పనిచేసే మన సహోదరులకు తెలుసు.

1846 డిసెంబరులో అనుమతి వచ్చింది. 1847లో పని మొదలయింది. ధవళేశ్వరము దగ్గర నది లంకల మధ్య నాలుగు పాయలుగా చీలుతుంది. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అని నాలుగు భాగములుగా ఆనకట్ట కట్టించారు. ప్రక్కనున్న కొండను కొట్టి రాయి తీశారు, పట్టాలు వేసి ఒడ్డుకు చేర్చారు. వేలాదిమంది కూలీలు పనిచేశారు. ఎండదెబ్బకు, జ్వరమునకు కాటన్ ఆరోగ్యము మరల కూలిపోయింది. 1848లో పని కెప్టెన్ ఆర్ చేతిలో పెట్టి ఆస్ట్రేలియాకు పోవలసివచ్చింది. 1850లో తిరిగి వచ్చి, 1852 మార్చి నెలాఖరునకు ఆనకట్ట పూర్తిచేయించారు. వెనువెంటనే విజయవాడ దగ్గర కృష్ణా ఆనకట్ట పని మొదలై 1855లో ముగిసింది. 1876-78 ధాత కరువులో దక్షిణదేశము అల్లాడినప్పుడు, ఈ రెండు డెల్టాలు తాము నిలిచి, పొరుగు జిల్లాలకు ధాన్యము పంపినవి. నేడు పాత ఆనకట్ట స్థానములో 1982లో పూర్తియైన, ఆయన పేరుతోనే పిలువబడే బ్యారేజి ఉన్నది. గోదావరి డెల్టాలో దానిక్రింద పది లక్షల ఎకరాలకు పైగా సాగవుతున్నవి.

అయితే ఆ తల్లికి మేము నిజము చెప్పవలెను గాని, విగ్రహమునకు దండ వేసినట్లు వ్రాయకూడదు. కంపెనీవారు డబ్బు ఇచ్చినది కేవలము జాలితో కాదు. నీరు పారితే శిస్తు పెరుగుతుందని లెక్క చూచుకొనే ఇచ్చారు. కాటన్ కూడ ఆ లెక్కతోనే వారిని ఒప్పించారు. ఆయన చెప్పినదెల్ల జరుగలేదు. కర్నూలు-కడప కాలువ ఆయన ఆలోచనయే. ఒక ప్రైవేటు కంపెనీ దానిని త్రవ్వించి బాగా నష్టపోయింది. 1882లో ప్రభుత్వము దానిని కొనవలసివచ్చింది. రైళ్ళకంటె పడవ కాలువలే దేశమునకు మేలని ఆయన జీవితాంతము వాదించారు. ఆ వాదన కూడ నెగ్గలేదు. రాళ్ళు మోసిన వేలమంది పేర్లు ఏ శిలాఫలకము మీదను లేవు. ఆయనకు కుడిభుజముగా నిలిచిన మన తెలుగువాడు వీణెం వీరన్న పేరు కూడ, గోదావరి జిల్లాలవారికి తప్ప, ఎందరికి తెలుసు? ఆ కూలీలలో అనేకులు ఊరి బావి దగ్గరకు సహితము రానియ్యని కుటుంబాలవారు. నదికి కట్ట వేసిన చేతులు వారివి. దేవుని గ్రంథములో మాత్రము ఆ పేర్లు తప్పిపోవని మన నమ్మకము.

ఇంత చెప్పిన తరువాత కూడ ఒక మాట మిగిలి ఉన్నది. కాటన్ దొర పని చేసిన కాలముకంటె, పని అయిపోయిన తరువాతి కాలమును మేము ఎక్కువ ఆలోచించాము. 1861లో రాణిగారు ఆయనకు సర్ బిరుదు ఇచ్చారు. ఇండియాలో కొలువు ముగించుకొని స్వదేశమునకు వెళ్ళిపోయారు. కడకు జనరల్ హోదా కూడ వచ్చింది. ఆ మీదట హాయిగా కూర్చుండవచ్చును. కాని కరువులు వచ్చిన ప్రతిసారి, ఇండియాకు నీళ్ళు, నీళ్ళు అని వ్రాస్తూనే, మాట్లాడుతూనే ఉన్నారు. విసుగు పుట్టించే ముసలివాడని అనిపించుకొన్నారు. 1878లో, డెబ్బది అయిదవ ఏట, పార్లమెంటు కమిటీ ఎదుట నిలబడి ప్రశ్నలకు జవాబు చెప్పుకొనవలసివచ్చింది. ముసలితనములో తన తోటలో నేలను లోతుగా త్రవ్వి గోధుమ పండించే ప్రయోగములు చేసికొన్నారు. 1899 జూలై 24న, తొంబది ఆరవ ఏట ప్రభువునందు నిద్రించారు. మరుసటి సంవత్సరము ఆయన జీవితచరిత్రను అచ్చువేయించినది ఆయన కుమార్తె, సువార్త పనిచేసిన ఎలిజబెత్. పదవి ఉన్నప్పుడు మంచిమాట చెప్పేవారు ఎందరో ఉంటారు. పదవి దిగిన తరువాత కూడ ఆకలిగొన్నవాని పక్షమున మాట్లాడేవాడు అరుదు.

ఇప్పుడు ఉప్మాక తల్లికి మా జవాబు.

అమ్మా, నీ కుమారుడు తుపాకీ పట్టుకొనుట నేర్చుకొంటాడు. అది తేలిక విషయమని మేము చెప్పము. నీ భయము విశ్వాసము లేనందున పుట్టినది కాదు, నీవు నేర్పిన ఆజ్ఞను నీవే మరువనందున పుట్టినది. ఆ భయమును వానికి కూడ కొంచెము ఇచ్చి పంపించు. ప్రాణము తీయుటకు భయపడే సైనికుడు, భయపడనివానికంటె దేశమునకు క్షేమము. సరిహద్దులో కాపలా ఉండేవాడు, వరదలలో పడవ వేసికొని వచ్చి మన పైకప్పుల మీదనుండి మనుష్యులను దింపేవాడు కూడ ఆ సైనికుడే.

తండ్రిగారూ, నాలుగేండ్ల ఉద్యోగమే కదా అన్నారు. నాలుగేండ్ల తరువాత నలుగురిలో ఒక్కరినే సైన్యములో ఉంచుకొంటారు. మిగిలినవారు ఇరువది రెండు, ఇరువది మూడేండ్లకే ఇంటికి వస్తారు. కనుక వచ్చే డబ్బుతో అప్పులు తీర్చుటను గూర్చి మాత్రమే కాదు, వాడు ఏమి నేర్చుకొని తిరిగి వస్తాడన్నదానిని గూర్చి కూడ ఇప్పుడే మాట్లాడుకోండి.

బాబూ, నీతో ఒక మాట. కాటన్ దొర పనిచేసిన మద్రాసు ఇంజినీర్ల దళపు వారసత్వమే నేడు బెంగుళూరులో ఉన్న మద్రాసు ఇంజినీరు గ్రూపు. వంతెన కట్టుట, రోడ్డు వేయుట, త్రాగునీరు సిద్ధపరచుట ఇప్పటికి వారి పనే. నిన్ను ఏ దళములో వేస్తారో మాకు తెలియదు. ఎక్కడ వేసినను, చేతిపని ఒకటి నేర్చుకో. అధికారి చెప్పినది చెయ్యి, అన్యాయము కనబడితే మర్యాదగా చెప్పుట మానకు. బలహీనునిపై చేయి ఎత్తకు, నీది కానిది తీసికొనకు. యోహాను సైనికులకు చెప్పినది అంతే. ఆదివారము అమ్మకు ఫోను చెయ్యి.

చివరిగా రెండవ రాజుల గ్రంథము మూడవ అధ్యాయము మీ కుటుంబ ప్రార్థనలో చదువుకోండి. ముగ్గురు రాజుల సైన్యము ఎదోము అరణ్యములో నీరులేక చావుకు సిద్ధమయింది. ఎలీషా ప్రవక్త ద్వారా దేవుడు వారికి చెప్పినది మొదట యుద్ధము కాదు, ఆ లోయనిండ గుంటలు త్రవ్వండని. గాలి కనబడలేదు, వాన కనబడలేదు. అయినను ఉదయమునకు నీరు వచ్చింది, పశువులు త్రాగినవి, మనుష్యులు త్రాగారు. సైన్యముచేత గుంటలు త్రవ్వించిన దేవుడు ఆయన. మన ఉప్మాకలోనుండి వెళ్ళుచున్న ఈ పిల్లవాని చేత కూడ ఎక్కడో ఒకచోట, ఎవరి దాహమునకో ఒక గుంట త్రవ్వించునుగాక అని ప్రార్థిస్తున్నాము.

పాఠకులారా, మీ ఇండ్లనుండి సైన్యమునకు వెళ్ళిన బిడ్డలను పేరుపేరున ఈ నెల మీ ప్రార్థనలలో జ్ఞాపకము చేసికొనండి. ఇంటి గుమ్మములో నిలబడి ఎదురు చూచే తల్లులను మరువకండి.